మొదటి గడిలో వరంగల్

సత్యానందం బోధన్ సర్కారు దవఖానలో వార్డుబాయ్. పంతొమ్మిదేళ్లుగా అదే పని. ఆయన భార్య లక్ష్మవ్వ పొద్దున్నే బస్సెక్కి రుద్రూరు వ్యవసాయ ఫారానికి పోయి, అక్కడి మళ్లలో కూలి పని చేసి సాయంత్రానికి తిరిగి వచ్చేది. 1992 జూన్‌లో వాళ్ల కూతురు శారమ్మకు ఎంసెట్‌లో మెడిసిన్ ర్యాంకు వచ్చింది.

చర్చి వెనక వాళ్లుండే వీధిలో డాక్టరు చదువు ఎవరూ చదవలేదు. అందుకని రెండు రోజులు అందరూ వచ్చి చూసిపోయారు. మూడో రోజున సత్యానందం ర్యాంకు కార్డు తీసుకొని దవఖానలో డాక్టరమ్మకు చూపించాడు. ఆమె కార్డును అటూ ఇటూ తిప్పి, వాళ్లకున్న బీసీ కోటా కూడా కలిపి చూసి, ఉస్మానియా, గాంధీ, వరంగల్‌లోని కాకతీయ, ఈ మూడింటిలో ఏది కోరుకుంటే అది వచ్చేటట్టుందని చెప్పింది. దరఖాస్తు ఫారంలో కాలేజీల పేర్లు వరుసగా రాయాలి, మొదటి గడిలో రాసిందే ముఖ్యం అని కూడా చెప్పింది.

"కళ్లు మూసుకొని ఉస్మానియా రాయించు సత్యానందం. నేను చదివింది అక్కడే" అంది.

దరఖాస్తుకు పన్నెండు రోజుల గడువుంది. పాస్టర్ దేవదాస్ ఇంటికొచ్చి, ఒక్క ఏడాది ఆగితే చర్చి తరఫున ఉత్తరం ఇప్పించి వెల్లూరు మిషన్ కాలేజీకి దరఖాస్తు చేయించవచ్చన్నాడు. చదువయ్యాక కొన్నాళ్లు మిషన్ దవఖానలో పని చేయాల్సి ఉంటుందని, అది కూడా దేవుని సేవే కదా అని అన్నాడు. చేతికొచ్చిన సీటు వదులుకొని ఏడాది ఆగడం సత్యానందానికి నచ్చలేదు. ఆ మాట పాస్టరుతో మర్యాదగానే చెప్పాడు. లక్ష్మవ్వది వేరే లెక్క. సత్యానందం చిన్నాయన కొడుకు హనోకు సికింద్రాబాదులో గాంధీ దవఖానలో వార్డుబాయ్. మరిది ఉన్నచోట పిల్ల ఉంటే తనకు భయముండదని ఆమె పట్టుబట్టింది.

శారమ్మను ఎవరూ అడగలేదు. పదిహేడేళ్ల ఆ పిల్ల అప్పటికి నిజామాబాదు దాటి ఎక్కడికీ పోలేదు.

సత్యానందం అందరి మాటలూ విని, ఆ సాయంత్రం అన్నం తింటూ అన్నాడు.

"చూడకుంట ఎట్ల రాస్తం? బర్రెను కొనేటోడు గూడ పాలు పిండి చూసి కొంటడు."

"మనల్ని కాలేజీ లోపటికి ఎవరు రానిస్తరు బాపు?" అంది శారమ్మ.

"కాలేజీ ఎవనిక్కావాలె బిడ్డా? దవఖానలు చూద్దాం. డాక్టరు తయారయ్యేది గక్కడనే. వార్డుల పనిజేసేటోళ్లకు తెల్వని సంగతి ఉండది. ఏ పిల్లలు పని నేర్సుకుంటున్నరు, ఏ సారు చెప్తడు, మనోళ్లనడిగితె ఉన్నదున్నట్టు చెప్తరు."

మూడు రోజులు సెలవు పెట్టాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. తండ్రీ కూతురూ నిజామాబాదులో బస్సు మారి, కామారెడ్డి మీదుగా మధ్యాహ్నానికి సికింద్రాబాదులో దిగారు.

హనోకు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. శారమ్మను చూడగానే ఆమె చేతిలోని సంచీ లాక్కున్నాడు. మనిషి పొట్టి, మాట పెద్దది. ముగ్గురూ మెట్లెక్కుతుంటే ఎదురైన ప్రతి ఒక్కరినీ ఆపాడు. నర్సులను, లిఫ్టు నడిపే మనిషిని, రక్తం సీసాలు పట్టుకొని పోతున్న ఆయాను, అందరినీ.

"మా అన్న బిడ్డ. మెడిసిన్ ర్యాంకొచ్చింది. మా అన్న గూడ నా తీర్గనే, బోధన్ల వార్డుబాయ్."

వాళ్లు నవ్వి, సంతోషమన్నారు. సత్యానందం చేతులు జోడించాడు. శారమ్మ కూడా నవ్వింది.

రెండో అంతస్తులో వరండా చివర నలుగురు విద్యార్థులు నిలబడి ఉన్నారు. తెల్లకోట్లు వేసుకున్నారు, మెడల్లో స్టెతస్కోపులున్నాయి. హనోకు నేరుగా వాళ్ల దగ్గరికి తీసుకుపోయి మళ్లీ అదే మాట చెప్పాడు. వాళ్లలో ఒక అమ్మాయి శారమ్మ చేయి పట్టుకొని, "అట్లనా? కంగ్రాట్స్. హనోకు మా వార్డే. నువ్వు ఇక్కడే చేరు, మేమంతా ఉన్నాం" అంది. అందులో ఎగతాళి లేదు. నిజంగానే అంది. ఆ వెంటనే అదే గొంతుతో, "హనోకు, మాకు నాలుగు చాయ్ తెచ్చిపెట్టవా?" అంది.

హనోకు శారమ్మ సంచీని గోడకు ఆనించి, కిటికీలో ఉన్న ఫ్లాస్కు అందుకొని వెళ్లాడు. సత్యానందం వార్డులోకి తొంగి చూస్తున్నాడు. శారమ్మ ఆ నలుగురి ముందు నిలబడి ఉంది. ఏ ఊరు, ఏ కాలేజీలో ఇంటర్ చదివావు అని వాళ్లు అడిగారు. చెప్పింది. హనోకు చాయ్ తెచ్చి గ్లాసుల్లో పోసి, మొదటి గ్లాసు ఆ అమ్మాయికిచ్చి, రెండోది శారమ్మకిచ్చాడు.

"నువ్వు చేరితె రోజు నీక్కూడ నేనే తెస్త. ఇంటికాడినుంచి టిఫిను గూడ తెస్త. మా బిడ్డ డాక్టరమ్మ అని అందరికి చెప్త" అన్నాడు.

శారమ్మ చాయ్ తాగింది. ఈ కాలేజీకి రాకూడదని ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపే అనుకుంది. ఎందుకో తనకు తాను కూడా వివరంగా చెప్పుకోలేదు.

మర్నాడు ఉస్మానియా చూశారు. మూసీ ఒడ్డున ఆ కట్టడాన్ని సత్యానందం చాలాసేపు తలెత్తి చూశాడు. వార్డులెన్ని అని ఒకరిద్దరిని అడిగితే ఒక్క మాటలో ఎవరూ చెప్పలేకపోయారు. చూసి నేర్చుకోవడానికి రోగులు, చెప్పడానికి సార్లు, రెండింటికీ కొదవ లేదని ఒక ముసలి ఆయా చెప్పింది. అదీ గొప్పదే అనుకున్నాడు ఆయన. కాని ఉర్దూ, హిందీ, కన్నడం, అన్ని మాటలూ వినిపించే ఆ వరండాలో కూతురు ఎట్లా నెగ్గుకొస్తుందోనని దారి పొడుగునా ఆలోచించాడు.

మూడో రోజు రైల్లో వరంగల్ చేరారు. అక్కడ వాళ్లకు తెలిసినవాళ్లు ఒక్కరు కూడా లేరు.

సత్యానందానికి ఒక అలవాటుంది. ఏ దవఖానకు పోయినా పనివాళ్లు కూర్చునే చోటు వెతుక్కుంటాడు. ప్రసూతి వార్డు వెనక మెట్ల మీద ఒక ఆయా కూర్చొని పాన్ దంచుకుంటోంది. పేరు బాలవ్వ. ఆయన వెళ్లి పక్క మెట్టు మీద కూర్చొని తానెవరో చెప్పాడు. ఇంకో అయిదు నిమిషాలకు ఇద్దరూ ఎన్నేళ్ల నుంచో తెలిసినవాళ్లలా మాట్లాడుకుంటున్నారు.

"పిల్లలు మంచాల కాడికొస్తరా? సూదులు, కట్లు వాళ్లే జేస్తరా?" అని అడిగాడు.

"వాళ్లే జేస్తరన్నా. కాన్పులు గూడ పక్కన నిలవడి చేపిస్తరు. ఊర్లల్లకెళ్లి వచ్చేటోళ్లే గదా అందరు. మన మాట వచ్చిన పిల్లలకు తొందరగ దారి దొరుకుతది. పేషంటు నోరిప్పుతది గదా మరి."

"తప్పు జేస్తే?"

"తిడుతరు. తిట్టి మళ్ల చూపిస్తరు."

సత్యానందం తల ఊపాడు. అంతలో పక్కనున్న క్యాజువాలిటీ ముందు ఒక ఆటో వచ్చి ఆగింది. లోపల కాలు విరిగిన ముసలాయన, పక్కన ఆయన కొడుకు. సత్యానందం లేచి పోయి, ముసలాయన నడుం కింద ఒక చేయి, తొడల కింద ఒక చేయి పెట్టి, నొప్పి తెలియకుండా ఆయన్ని కిందికి దించాడు. "నువ్వు ఈడనే జేస్తవా?" అని ఆ కొడుకు అడిగాడు. "కాదు, బోధన్ల" అన్నాడు సత్యానందం.

శారమ్మ మెట్ల దగ్గర నిలబడి చూసింది. చుట్టూ చాలామంది ఉన్నారు. తెల్లకోట్లవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో ఎవరికీ ఆయన ఎవరో తెలియదు, తాను ఆయన కూతురని తెలియదు. ఆమెకు ప్రాణం హాయిగా అనిపించింది.

కరీంనగర్ మీదుగా వచ్చే బస్సులో సత్యానందం తేల్చేశాడు. "వరంగల్లే బిడ్డా. బాలవ్వ చెప్పింది విన్నవు గదా. మనోళ్ల లెక్క మాట్లాడేటోళ్లు వస్తరు. నీ చెయ్యి తిరుగుతది. ఏమంటవ్?"

"వరంగల్లే రాద్దాం బాపు" అంది శారమ్మ.

ఆయన ముఖం వెలిగింది. ఇంటికొచ్చాక లక్ష్మవ్వ గొడవ చేసింది. "మరిదిని ఇడిసిపెట్టి, నా అనేటోళ్లు ఎవ్వరులేని ఊరికి ఆడివిల్లను పంపుతవా?" అంది. సత్యానందం మూడు దవఖానల్లో తాను విన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె కూతురి వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పవే."

"బాపు చెప్పింది మంచిగనే ఉన్నదవ్వా" అంది శారమ్మ.

నిజామాబాదు పెద్ద పోస్టాఫీసు బల్ల మీద ఫారం నింపారు. మొదటి గడిలో కాకతీయ, రెండో గడిలో ఉస్మానియా, మూడో గడిలో గాంధీ. తండ్రి ఆమె చేతినే చూస్తుండగా రాసింది. కవరు రిజిస్టరు చేసి ఇద్దరూ కంఠేశ్వర్ దాకా నడిచిపోయి అక్కడ ఒక హోటల్లో పూరీ తిన్నారు. సీటు వరంగల్‌లోనే వచ్చింది.

హాస్టల్లో చేరేటప్పుడు ఇంకో ఫారం ఇచ్చారు. అందులో తండ్రి వృత్తి అన్నచోట శారమ్మ "ఆరోగ్య శాఖ" అని రాసింది. అబద్ధం కాదు. గదిలో ఉండే అమ్మాయి, మీ నాన్నగారు డాక్టరా అని అడిగితే, కాదు, ఆఫీసు పని అంది. ఆ ఒక్కటి అబద్ధం. సత్యానందం ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. లక్ష్మవ్వ చేసిన సకినాలు తెచ్చేవాడు. ఆమె గేటు దగ్గరికి వచ్చి, డబ్బా తీసుకొని, క్లాసుందని చెప్పి పది నిమిషాల్లో పంపేసేది. బిడ్డ చదువుకుంటోందని ఆయన వెంటనే లేచేవాడు. బస్సు వేళ దాకా ఎక్కడ ఉంటాడో ఆమె అడగలేదు.

బోధన్‌లో మాత్రం సత్యానందానికి కొత్త పేరొచ్చింది. ర్యాంకు వచ్చిన పిల్లల తండ్రులు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. పసుపు పండించే రైతులు, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు, ఒకసారి ఒక హెడ్మాస్టరు. డ్యూటీ అయ్యాక దవఖాన ముందు బెంచీ మీద కూర్చొని ఏ కాలేజీకి ఎందుకు దరఖాస్తు చేయాలో ఓపికగా చెప్పేవాడు. "నేను తిరిగి చూసి రాయించిన. నా బిడ్డనడుగుండ్రి" అనేవాడు. డాక్టరమ్మకు అది వినోదంగా ఉండేది. కాని ఆయన చెప్పేదాంట్లో తప్పులేదని ఆమే ఒప్పుకునేది.

చదువు బాగా సాగింది. శారమ్మ ఏ పరీక్షా తప్పలేదు. తండ్రి అనుకున్నట్టే పల్లెల నుంచి వచ్చే రోగులు ఆమెతో తొందరగా కలిసిపోయేవారు. 1998 నాటికి హౌస్ సర్జన్ అయింది.

ఆ జనవరిలో ఒక మధ్యాహ్నం ఒక ఆడమనిషిని ఎక్స్‌రేకు పంపాల్సి ఉంది. తోపుడు మంచం తెమ్మని శారమ్మ రెండుసార్లు చెప్పింది. వార్డుబాయ్ కాశయ్య రాలేదు. కాశయ్యకు రిటైర్మెంటు దగ్గర పడింది, సత్యానందం కన్నా నాలుగైదేళ్లు పెద్ద. ఆయన రాగానే వార్డులో అందరి ముందూ ఆమె అరిచింది.

"ఎన్నిసార్లు చెప్పాలె కాశయ్యా? చెవులు పనిజేస్తలేవా?"

కాశయ్య ఆ ఆడమనిషిని తీసుకుపోయాడు. తిరిగొచ్చాక శారమ్మ బల్ల దగ్గర ఆగాడు.

"కోపం జేయకుండ్రి మేడం. అవుతలి వార్డుల ముసలాయన మంచం దిగబోయి పడిండు. ఆయన్ని లేపి పండవెట్టి వచ్చేవరకు ఆల్సెమైంది."

"సరేలే" అంది శారమ్మ, రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండా.

కాశయ్య కదల్లేదు. "సత్యానందమన్న మంచిగున్నడా? ఈసారి పండుగకు రాలే" అన్నాడు.

ఆమె పెన్ను ఆగిపోయింది. "మా బాపు మీకెట్ల ఎరుక?"

"బాలవ్వ చెప్పింది. ఆరేండ్లాయె. వచ్చినప్పుడల్లా మా కాడనే కూసుంటడు. బస్సు ఆల్సెమైతె మా ఇంట్ల తింటడు."

"అందరికి ఎరుకనా?"

"మా పనోళ్లందరికి ఎరుకే."

"మరి ఎన్నడు అనలేదు?"

"మీరు చెప్పలే, మేం అడుగలే. చెప్పుకునేటందుకు గందులేమున్నది బిడ్డా" అన్నాడు కాశయ్య. ఆమెను బిడ్డా అనడం అదే మొదలు. మర్నాటి నుంచి మళ్లీ మేడం అనే పిలిచాడు.

శారమ్మ ఆ సాయంత్రమే ఆయన్ని వెతికి, అట్లా అరవడం తప్పేనంది. ఆయన, పనిలో అట్లాంటివి మామూలే అన్నాడు. అక్కడితో అది అయిపోయింది. ఆమెకు మాత్రం అయిపోలేదు. ఆరేళ్లు తాను దాచానని అనుకున్నది తనతోటి డాక్టర్లకు తప్ప అందరికీ తెలుసు. వాళ్లెవరూ దాన్ని పట్టించుకోనే లేదు. తన మీద తనకే కోపం వచ్చింది.

ఏప్రిల్‌లో ఈస్టర్‌కు ఇంటికి పోయింది. చర్చి అయ్యాక లక్ష్మవ్వ ఆడవాళ్లతో ఆగిపోయింది. తండ్రీ కూతురూ ముందు నడిచారు. ఫ్యాక్టరీ వైపు నుంచి చెరుకు బండ్లు ఖాళీగా తిరిగొస్తున్నాయి. సత్యానందం ముత్తన్న అనే రైతు సంగతి చెబుతున్నాడు. పోయినేడు తన మాట విని కొడుకుతో వరంగల్ రాయించాడట, ఇప్పుడు ఆ పిల్లవాడు బాగా చదువుతున్నాడట.

"బాపు" అంది శారమ్మ. "నేను వరంగల్ రాసింది నువ్వు చెప్పినవని కాదు."

"మరి?"

"గాంధీల హనోకు చిన్నబాపు ఉన్నడని రాయలే. గక్కడ చేరితె అందరికి ఎరుకైతదని."

"ఏమెరుకైతది?"

సత్యానందం నాలుగడుగులు వేశాడు.

"నేను వార్డుబాయ్‌నని" అన్నాడు.

"ఆ" అంది శారమ్మ.

ఆయన తిట్టలేదు. ఒక చెరుకు బండి దాటిపోయే దాకా పక్కకు తప్పుకొని నిలబడ్డాడు. తర్వాత, "ఎండ దంచుతున్నది, జల్ది నడువు" అన్నాడు. ఆ సెలవుల్లో మిగిలిన రెండు రోజులూ కూతురితో తిండి గురించి, బస్సు వేళల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆమె బయలుదేరేటప్పుడు బస్టాండు దాకా వచ్చి, బస్సు కదలకముందే తిరిగి వెళ్లిపోయాడు.

జూన్‌లో లక్ష్మవ్వ పక్కింటి పిల్లతో ఉత్తరం రాయించింది. ఈసారి ర్యాంకులొచ్చినవాళ్లు ముగ్గురు వచ్చి అడిగితే, నాకేం తెల్వదు, ఇంకెవరినన్న అడుగుండ్రి అని మీ బాపు తిప్పి పంపాడు, దవఖాన ముందు బెంచీ మీద కూర్చోవడం కూడా మానేశాడు, ఒంట్లో బాగలేదేమో అని అందులో ఉంది. శారమ్మ ఆ వారమే సెలవు పెట్టి వచ్చింది.

ఆమె వచ్చిన రోజు సాయంత్రం రేణుకమ్మ అనే ఆవిడ తన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. వాళ్లు రుద్రూరు దగ్గర వరి, పసుపు పండించే రైతులు. కూతురి పేరు గోదావరి. ర్యాంకు కార్డు నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకుంది. రేణుకమ్మ సత్యానందాన్ని అడిగింది. ఆయన గడప మీద కూర్చొని చెప్పుల వార్లు సరిచేసుకుంటూ, "డాక్టరమ్మ లోపట ఉన్నది గదా. గామెనే అడుగుండ్రి" అన్నాడు.

శారమ్మ కార్డు చూసింది. మూడు కాలేజీల పేర్లూ కాగితం మీద రాసింది. ఏ కాలేజీ ఎట్లాంటిదో చెప్పబోయి ఆగింది.

"నీకు తెలిసినోళ్లున్న ఊరు కావాల్నా, ఎవ్వరులేని ఊరు కావాల్నా? ముందు గది తేల్చుకో" అంది.

గోదావరి తల్లి వైపు చూసింది. "అవ్వను అడుగుతలే, నువ్వు చెప్పు" అంది శారమ్మ.

"ఎవ్వరు లేకుంటె నాకు భయమైతదక్కా" అంది ఆ పిల్ల నెమ్మదిగా. "రోజుకోసారన్న మనోళ్ల ముఖం చూడాలె."

"నేను ఎవ్వరు లేని ఊరు ఏరుకున్న. చదువైతె మంచిగనే వచ్చింది. కాని ఆరేండ్లు మా బాపును గేటు కాడనే నిలవెట్టిన. నువ్వు గట్ల జేయకు."

రేణుకమ్మకు ఆ మాట అర్థం కాలేదు. గడప మీద సత్యానందం చేతులు ఆగాయి. ఆయన ఇటు తిరగకుండానే అడిగాడు.

"మీకు హైదరాబాదుల ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరన్నా" అంది రేణుకమ్మ.

"గాంధీల మా హనోకు ఉన్నడు. పిల్లను మంచిగ అర్సుకుంటడు" అన్నాడు సత్యానందం. చెప్పులు పక్కన పెట్టి, "ఊకె నా మాట మీద రాయకుండ్రి. పోయి చూసొద్దాం. నాకు శనివారం సెలవున్నది" అన్నాడు.

శనివారం పొద్దున రేణుకమ్మ, గోదావరి, సత్యానందం హైదరాబాదు బస్సెక్కారు. శారమ్మ కూడా వాళ్లతో వెళ్లింది. గాంధీ గేటు దగ్గర హనోకు ఎదురొచ్చి, ముందు సత్యానందం చేయి పట్టుకొని, ఆ తర్వాత శారమ్మను చూసి, "మేడం, మంచిగున్నరా?" అన్నాడు. "మేడమేంది చిన్నబాపు?" అంది శారమ్మ. ఆయన పెద్దగా నవ్వి, మెట్లెక్కుతూనే ఎదురొచ్చిన నర్సును ఆపాడు.

గోదావరి ఆ ఏడు మొదటి గడిలో గాంధీ రాసింది, సీటు వచ్చింది. సత్యానందం మళ్లీ బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. కాలేజీల గురించి అడిగినవాళ్లకు ఇదివరకులాగే చెప్పేవాడు. నా బిడ్డనడుగుండ్రి అనే మాట మాత్రం మళ్లీ ఎన్నడూ అనలేదు.